ఆర్థిక కథన రచన

ఆర్థిక కథన రచన అనగా డబ్బు, అప్పు, వడ్డీ, వ్యాపారం, బ్యాంకులు, కంపెనీ వాటాలు మొదలైన ఆర్థిక విషయాలకు సంబంధించిన నిజ సంఘటనలను, కల్పన చేర్చకుండా, కథ చెప్పే పద్ధతిలో వ్రాసే రచనా ప్రక్రియ. ఇది కథా సాహిత్యానికి, అర్థశాస్త్ర గ్రంథాలకు, పత్రికా రచనకు మధ్య నిలిచే ప్రక్రియ. ఇందులో మనుషులు, స్థలాలు, సంఘటనలు కథలో వలె వరుసగా నడుస్తాయి. అయితే ప్రతి పేరు, ప్రతి తేదీ, ప్రతి అంకె ఆధారంతో ఉండాలి.

ఇంగ్లీషులో ఈ ప్రక్రియకు పెద్ద పాఠకలోకం, పెద్ద మార్కెట్టు ఉన్నాయి. తెలుగులో ఈ పేరుతో ప్రత్యేక శాఖ ఏర్పడలేదు గాని, యాత్రాచరిత్రలు, కీర్తనలు, పత్రికా కథనాలు, ఆత్మకథలలో దీని లక్షణాలు కనిపిస్తాయి. ఖమ్మం - భద్రాచలం అటవీ సరిహద్దు ప్రాంతం ఈ ప్రక్రియను అర్థం చేసుకోవడానికి మంచి ఉదాహరణ. రామదాసు గుడి ఖర్చు, సింగరేణి బొగ్గు వాటాలు, కొండరెడ్ల అప్పులు, తునికాకు కూలి - ఈ నాలుగూ డబ్బు చుట్టూ తిరిగిన నిజ గాథలే.

నిర్వచనం, పరిధి

ఒక ఆర్థిక కథనం ప్రధానంగా మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి.

* సొమ్ము ఎవరిది?
* అది ఎవరి చేతుల మీదుగా ఎక్కడికి పోయింది?
* ఆ లెక్క వ్రాసినవారు ఎవరు?

మొదటి రెండు ప్రశ్నలు అర్థశాస్త్ర గ్రంథాలలోనూ, ఆడిట్ నివేదికలలోనూ ఉంటాయి. మూడవ ప్రశ్న ఈ ప్రక్రియకు ప్రాణం వంటిది. అప్పు ఇచ్చినవాడే పుస్తకంలో వ్రాసుకుని, అప్పు తీసుకున్నవాడు వేలిముద్ర మాత్రమే వేసిన చోట, లెక్క కూడిక తీసివేతల ప్రకారం సరిగ్గా ఉండవచ్చు. అంతమాత్రాన అది నిజమని చెప్పలేము. కథన రచయిత ఆ పుస్తకం చదివి, వేలిముద్ర వేసిన మనిషి మాట కూడా విని, రెండింటినీ పక్కపక్కన పెట్టాలి.

అప్పుల బాధ గురించిన నవలలు, కథలు తెలుగులో చాలా ఉన్నాయి. అవి కల్పిత సాహిత్యం కిందకు వస్తాయి కనుక ఈ ప్రక్రియలోకి రావు. అలాగే "ధనవంతులు కావడం ఎలా" వంటి సలహా పుస్తకాలు కూడా దీని పరిధిలోనివి కావు.

తెలుగులో పూర్వరూపాలు

ఏనుగుల వీరాస్వామయ్య 1830 - 31 సంవత్సరాలలో చేసిన ప్రయాణాన్ని వివరించే కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. తెలుగులో తొలి యాత్రాచరిత్రగా దీనికి పేరు. దారిలో చెల్లుబాటయ్యే నాణేలు, సరుకుల ధరలు, సుంకాలు వంటి వివరాలను కూడా ఆయన నమోదు చేశాడు. ఒక ఊరి నాణెం మరో ఊరిలో చెల్లని రోజులలో యాత్రికుడు ఎంత నష్టపోయేవాడో తెలుసుకోవడానికి ఇటువంటి రచనలే ఆధారం. ఆర్థిక విషయాన్ని ప్రత్యక్షంగా చూసి, తేదీతో సహా వ్రాయడం అనే అలవాటు తెలుగు వచనంలో అప్పటికే ఉన్నదని దీనివలన తెలుస్తుంది.

ఖమ్మం - భద్రాచలం ప్రాంతపు ఉదాహరణలు

నేపథ్యం

గోదావరికి ఉత్తరపు ఒడ్డున ఉన్న భద్రాచలం బ్రిటిషు పాలనలోని మద్రాసు రాష్ట్రంలోనూ, నదికి ఇవతల ఉన్న పాల్వంచ, బూర్గంపాడు ప్రాంతాలు నిజాం రాజ్యంలోనూ ఉండేవి. 1953లో వరంగల్లు జిల్లా నుంచి ఖమ్మం జిల్లా ఏర్పడింది. భద్రాచలం, నూగూరు - వెంకటాపురం తాలూకాలు 1959లో తూర్పు గోదావరి జిల్లా నుంచి ఖమ్మంలో కలిశాయి. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడి, భద్రాచలం పట్టణం అందులో భాగమయింది.

ఈ సరిహద్దు మార్పులు రచయితకు చాలా ముఖ్యం. స్వాతంత్ర్యానికి పూర్వం నది దాటితే రూపాయే మారేది. ఇవతల నిజాం హాలీ సిక్కా, అవతల బ్రిటిషు కల్దారు రూపాయి చెల్లేవి. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు దాదాపు సమానం. 1940ల నాటి కాగితంలో "నూరు రూపాయల అప్పు" అని కనబడితే, అది ఏ ఒడ్డున వ్రాసిన కాగితమో తెలియనిదే దాని విలువ చెప్పలేము. కాగితాల ఉనికి కూడా అంతే. ఒకే గ్రామానికి సంబంధించిన పాత రికార్డులు మద్రాసు, హైదరాబాదు, కాకినాడ, ఖమ్మం వంటి వేర్వేరు చోట్ల వెతకవలసి రావచ్చు.

రామదాసు లెక్క

ప్రధాన వ్యాసం: కంచర్ల గోపన్న

ఖమ్మం జిల్లా నేలకొండపల్లికి చెందిన కంచర్ల గోపన్న 17వ శతాబ్దంలో గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కాలంలో పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా పనిచేశాడు. సుల్తాను కొలువులో పెద్ద పదవులలో ఉన్న అక్కన్న, మాదన్నలు ఇతని మేనమామలు. భద్రాచలంలో రామాలయ నిర్మాణానికి సర్కారు శిస్తు సొమ్ము వాడాడన్న అభియోగంపై ఇతనిని గోల్కొండ కోటలో బంధించారు. పన్నెండేళ్ళ చెర తరువాత రామలక్ష్మణులే సామాన్య వేషంలో వచ్చి ఆరు లక్షల మొహరీలు చెల్లించారని జనశ్రుతి.

భక్తి కోణంలో ఈ కథ అందరికీ తెలిసినదే. ఆర్థిక కథన కోణంలో చూస్తే ఇది ప్రభుత్వ సొమ్ము లెక్క అప్పజెప్పవలసిన ఒక అధికారి కథ. రామదాసు కీర్తనలలో "ఇక్ష్వాకు కులతిలక" అనే కీర్తన ప్రత్యేకంగా గమనించదగినది. అందులో ఆయన ఏ దేవునికి ఏ నగ చేయించాడో, దానికి ఎన్ని వేల వరహాలు పట్టాయో వరుసగా ఏకరువు పెడతాడు. భరతునికి, శత్రుఘ్నునికి, లక్ష్మణునికి, సీతమ్మకు, రామునికి చేయించిన వస్తువులన్నీ ఆ పట్టీలో ఉన్నాయి. ఒక విధంగా అది పాటగా పాడిన ఖర్చుల పద్దు. తెలుగు సాహిత్యంలో లెక్క చెప్పుకోవలసిన మనిషి స్వయంగా పద్దు చదివి వినిపించిన అరుదైన సందర్భం ఇది.

ఈ గాథను వ్రాసేవారు నమోదైన చరిత్రను, సంప్రదాయాన్ని వేరువేరుగా చెప్పాలి. గోపన్న ఉద్యోగం, తానీషా పాలన చరిత్రకు సంబంధించినవి. ఆరు లక్షల చెల్లింపు జనశ్రుతి. దానిని జనశ్రుతి అని చెప్పి వ్రాసినందువలన కథ గౌరవం తగ్గదు. ఇక మన మూడు ప్రశ్నలలో మొదటిది ఇక్కడ కూడా అడగవలసిందే. ఆ శిస్తు కట్టినవారు పాల్వంచ పరగణా రైతులు. సుల్తాను, తహసీల్దారు, దేవుడు - ముగ్గురికీ కథలో స్థానం ఉంది. పన్ను కట్టిన రైతు మాట మాత్రం వినబడదు.

సింగరేణి, లండను వాటాలు

ప్రధాన వ్యాసం: సింగరేణి గనులు

1871లో భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. సమీపంలోని సింగరేణి గ్రామం పేరే తరువాత గనులకు వచ్చింది. 1886లో నిజాం ప్రభుత్వం ఇచ్చిన గనుల హక్కులపై హైదరాబాద్ (దక్కన్) కంపెనీ లండనులో ఏర్పడింది. కంపెనీ మూలధనాన్ని పది లక్షల పౌండ్లుగా ప్రకటించారు. అయితే వాటాలలో అధిక భాగాన్ని, పూర్తి సొమ్ము చెల్లించినవిగా చూపి, హక్కులు సంపాదించిన వ్యక్తులకే ఇచ్చారు. అనగా గనిలోకి రావలసిన పెట్టుబడికి, కాగితం మీది మూలధనానికి పొంతన లేదు. ఆ పైన నిజాం ప్రభుత్వం చేత అదే కంపెనీ వాటాలను ముఖవిలువకు మించిన ధరకు కొనిపించారు. బేరం నడిపిన నిజాం ప్రభుత్వ ఉన్నతోద్యోగి స్వయంగా లాభపడినట్లు బయటపడి పదవి కోల్పోయాడు. 1888లో బ్రిటిషు పార్లమెంటు కామన్స్ సభ ఒక సెలెక్ట్ కమిటీ ద్వారా దీనిపై విచారణ జరిపింది.

కథన రచయితకు ఇందులో రెండు పాఠాలున్నాయి. మొదటిది, ఆధారాలు ఊహించని చోట దొరుకుతాయి. ఇల్లందు అడవిలోని గని కథకు ప్రధానమైన సాక్ష్యం లండను పార్లమెంటు కాగితాలలో ఉంది. రెండవది, ఆ కాగితాలు అడిగిన ప్రశ్నలకే జవాబు చెబుతాయి. విచారణ వాటాల గురించి జరిగింది కనుక అందులో వాటాల లెక్క దొరుకుతుంది. బొగ్గు తట్ట మోసిన కూలీకి ముట్టినది ఎంత అన్నది ఆ కమిటీ విచారణాంశం కాదు.

తరువాతి చరిత్ర కూడా యాజమాన్య వాటాల చుట్టూనే నడిచింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ నమోదై పాత కంపెనీ ఆస్తులను, బాధ్యతలను స్వీకరించింది. 1945లో నిజాం ప్రభుత్వం అధిక వాటాలను కొనుగోలు చేసింది. 1956లో ఆ యాజమాన్యం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి సంక్రమించింది. ప్రస్తుతం కంపెనీలో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటా ఉంది.

కొండరెడ్ల అప్పులు

పాపికొండల ప్రాంతంలో నివసించే కొండరెడ్ల జీవితంపై క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ వ్రాసిన "ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్" 1945లో వెలువడింది. ఆస్ట్రియాలో పుట్టిన ఈ మానవశాస్త్రవేత్త రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో శత్రుదేశపు పౌరుడుగా పరిగణింపబడి హైదరాబాదు రాజ్యంలో ఉండిపోవలసి వచ్చింది. ఆ కాలాన్ని ఆయన చెంచులు, కొండరెడ్లు, గోండుల మధ్య గడిపాడు. అదే 1945లో హైదరాబాదు ప్రభుత్వం ఆయన నివేదికలను "ట్రైబల్ హైదరాబాద్" పేరుతో ప్రచురించింది.

గోదావరి మీదుగా వచ్చిన కలప, వెదురు వ్యాపారులు కొండరెడ్లకు ధాన్యం, బట్టలు బయానాగా ఇచ్చి, బదులుగా వెదురు నరికించేవారు. లెక్క వ్యాపారి వద్దనే ఉండేది. పని చేసినకొద్దీ అప్పు తీరకపోగా మనిషి మరింతగా కట్టుబడిపోయేవాడు. హైమెండార్ఫ్ ఇదంతా గ్రామంలో ఉండి, మనుషులను అడిగి తెలుసుకుని నమోదు చేశాడు. ఆయన శాస్త్ర గ్రంథమే వ్రాసినప్పటికీ, వ్యాపారి పుస్తకానికి ఎదురుగా నిలబడే రెండవ లెక్క ఆయన రచనలలో దొరుకుతుంది. ముప్పై ఏళ్ళ తరువాత ఆయన మళ్ళీ ఈ ప్రాంతాలకు వచ్చి చూసిన మార్పులను "ట్రైబ్స్ ఆఫ్ ఇండియా" (1982) గ్రంథంలో వివరించాడు. ఒకే చోటికి తిరిగి వెళ్ళి చూడడం ఈ ప్రక్రియలో అన్నింటికంటె విలువైన పద్ధతి.

గిరిజనుల అప్పులపై చట్టాలు చాలా కాలం నుంచే ఉన్నాయి. మద్రాసు రాష్ట్రపు 1917 నాటి ఏజెన్సీ చట్టం కొండజాతుల వారిపై వడ్డీని ఏటా 24 శాతానికి పరిమితం చేసి, చక్రవడ్డీని నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత 1959లో భూబదలాయింపు నియంత్రణ నిబంధన, 1960లో వడ్డీవ్యాపార నియంత్రణ, రుణ విమోచన నిబంధనలు వచ్చాయి. 1970లో 1959 నాటి నిబంధనను సవరించి మరింత కఠినం చేశారు. చట్టం ఉన్న తేదీకి, అది గ్రామానికి చేరిన తేదీకి మధ్య ఉన్న దూరాన్ని కొలవడం ఆర్థిక కథనం చేయగల పని.

తునికాకు, ముంపు పరిహారం

తునికాకు (బీడీ ఆకు) సేకరణ ఈ ప్రాంతంలో ఎండాకాలపు ముఖ్య ఆదాయం. 1971 చట్టంతో దీని వ్యాపారం ప్రభుత్వ నియంత్రణలోకి వచ్చింది. తెల్లవారుజామున అడవికి వెళ్ళి ఆకు కోసి, 50 ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టి, కల్లానికి తెస్తారు. కల్లేదారు కట్టలు లెక్కబెట్టి పుస్తకంలో వ్రాస్తాడు. వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. అక్కడినుంచి ఆకు గుత్తేదారు గోదాముకు, బీడీ కంపెనీకి, చివరకు దుకాణానికి చేరుతుంది. ఒక కట్టను వెంబడిస్తూ, ప్రతి మజిలీలో దాని ధర ఎంత, ఆ లెక్క వ్రాసినది ఎవరు అని చెబుతూ పోతే ఒక సంపూర్ణమైన ఆర్థిక కథనం తయారవుతుంది. 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై గ్రామసభలకు, అడవిపై ఆధారపడినవారికి హక్కులు కల్పించాయి గనుక, ఆ హక్కు కల్లం దగ్గర ఎంతవరకు అమలవుతున్నదో కూడా అందులో చెప్పాలి.

పోలవరం ముంపు గ్రామాల పరిహారం మరొక విషయం. భూమికి, ఇంటికి, చెట్లకు కట్టిన విలువలు జాబితాలలో ఉంటాయి. అడవినుంచి ఏటా ఉచితంగా వచ్చే ఇప్పపువ్వు, తేనె, చింతపండు, వంటచెరకు మొదలైనవాటికి ధర కట్టడం కష్టం. ఊళ్ళు ఖాళీ అయిన తరువాత ఆ జాబితాలు మాత్రమే మిగులుతాయి. అందుచేత ఈ ప్రాంతంలో ప్రజల నోటి లెక్కను వ్రాసిపెట్టడం అత్యవసరమైన పని.

ఇతర ప్రాంతాలలో ఈ ప్రక్రియ

వాల్టర్ బాజెట్ 1873లో వ్రాసిన "లంబార్డ్ స్ట్రీట్" లండను ద్రవ్య మార్కెట్టును సామాన్య పాఠకునికి వివరించిన ప్రసిద్ధ గ్రంథం. అమెరికాలో ఇడా టార్బెల్ స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ చరిత్రను 1902 నుంచి పత్రికలో ధారావాహికగా వ్రాసి, 1904లో పుస్తకంగా వెలువరించింది. కోర్టు పత్రాలను, ప్రభుత్వ విచారణల నివేదికలను శోధించి వ్రాసే పద్ధతికి ఆమె మార్గదర్శి. మైకేల్ లూయిస్ వ్రాసిన "లయర్స్ పోకర్" (1989), "ది బిగ్ షార్ట్" (2010) ఈ ప్రక్రియకు విస్తృతమైన ప్రజాదరణ తెచ్చాయి.

భారతదేశంలో 1992 నాటి సెక్యూరిటీల కుంభకోణాన్ని పత్రిక ద్వారా బయటపెట్టిన సుచేతా దలాల్, దేబాశిష్ బసుతో కలిసి 1993లో "ది స్కామ్" వ్రాసింది. పాలగుమ్మి సాయినాథ్ 1996లో వెలువరించిన "ఎవ్రీబడీ లవ్స్ ఎ గుడ్ డ్రౌట్" గ్రంథంలో దేశంలోని అతి పేద జిల్లాల అప్పులు, కూలీ, అభివృద్ధి నిధుల కథలున్నాయి. భద్రాచలం ఏజెన్సీకి పొరుగున ఉన్న ఒడిషాలోని మల్కనగిరి కూడా ఆ జిల్లాలలో ఒకటి.

తెలుగువారికి సంబంధించిన రచనలలో ఈ క్రిందివి పేర్కొనదగినవి.

* సత్యం కంప్యూటర్స్ వ్యవహారంపై కింగ్‌షుక్ నాగ్ వ్రాసిన పుస్తకం (2009). 2009 జనవరి 7న కంపెనీ అధ్యక్షుడు వ్రాసిన లేఖలో, పుస్తకాలలో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్లు లేనివేనని అంగీకరించాడు. లెక్క వ్రాసినవాడే లెక్క తప్పని చెప్పిన పత్రం ఇది.
* సూక్ష్మరుణ సంస్థ ఎస్‌కెఎస్ స్థాపకుడు విక్రమ్ ఆకుల వ్రాసిన "ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ రైస్" (2010).
* రిజర్వు బ్యాంకు పూర్వ గవర్నర్లు దువ్వూరి సుబ్బారావు వ్రాసిన "హూ మూవ్డ్ మై ఇంటరెస్ట్ రేట్" (2016), యాగా వేణుగోపాల్ రెడ్డి వ్రాసిన "అడ్వైస్ అండ్ డిసెంట్" (2017).

ఇవన్నీ ఇంగ్లీషులో వెలువడినవే కావడం గమనించదగినది.

రచనా విధానం

ఆధారాల సేకరణ

కంపెనీల వార్షిక నివేదికలు, కంపెనీల రిజిస్ట్రారు వద్ద దాఖలైన పత్రాలు, కాగ్ నివేదికలు, కోర్టు తీర్పులు, భూమి రికార్డులు ముఖ్యమైన ఆధారాలు. సమాచార హక్కు చట్టం (2005) ద్వారా ప్రభుత్వ కార్యాలయాల నుంచి కాగితాలు కోరవచ్చు. సాధారణంగా 30 రోజులలో సమాధానం ఇవ్వాలి. కాగితం చదివిన తరువాత మనిషి దగ్గరకు, మనిషి మాట విన్న తరువాత మళ్ళీ కాగితం దగ్గరకు వెళ్ళడం మంచి పద్ధతి.

అంకెను అర్థమయ్యేలా చెప్పడం

అంకెను మార్చకుండా పాఠకునికి అందించడం ఈ ప్రక్రియలో కష్టమైన భాగం. ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. ఒక మహిళ 10,000 రూపాయల అప్పు తీసుకుని, "నూటికి 12 శాతం" వడ్డీతో 50 వారాలలో తీర్చాలి. మొత్తం 11,200 రూపాయలు, అనగా వారానికి 224 రూపాయలు. వినడానికి వడ్డీ తక్కువగానే ఉంది. అయితే ప్రతి వారం అసలు కొంత తిరిగి కడుతూనే ఉన్నందున, ఏడాదిలో సగటున ఆమె చేతిలో ఉన్న అప్పు సుమారు 5,000 రూపాయలే. దాని మీద 1,200 వడ్డీ అంటే అసలు రేటు 24 శాతం దరిదాపులలో ఉంటుంది. ఈ ఒక్క పేరాతో పాఠకునికి తెలిసేది పది పేజీల పట్టికలతో తెలియకపోవచ్చు.

అలాగే "నాగు" పద్ధతిని తీసుకుందాం. వానకాలానికి ముందు ఒక బస్తా ధాన్యం అప్పు తీసుకుని, పంట చేతికి రాగానే బస్తాన్నర తిరిగి కొలిచేవారు. ఆరు నెలలకే యాభై శాతం వడ్డీ అని ఎవరైనా అంటారు. తీసుకున్నప్పుడు ధాన్యం ధర ఎక్కువ, తీర్చినప్పుడు తక్కువ కనుక డబ్బులో లెక్క కొంత వేరుగా వస్తుందని ఇచ్చినవాడు వాదించవచ్చు. అయితే పుచ్చుకున్నవాడు తినేది ధాన్యమే. ఆ అర బస్తా అతని ఇంట్లో ఎన్ని రోజుల తిండో కూడా చెప్పాలి. ఇరువైపుల వాదనలను ఉంచినప్పుడే కథనం నమ్మదగినదవుతుంది.

పాత్రలు, సంభాషణలు

కథనంలోని మనుషులు నిజమైన మనుషులు. వారు అనని మాటలను వారి నోట పెట్టరాదు. రచయిత ప్రత్యక్షంగా వినని సంభాషణను కోర్టు వాంగ్మూలం, ఉత్తరం, డైరీ వంటి ఆధారం ఉంటేనే కొటేషన్ గుర్తులలో ఇవ్వాలి. మనసులో ఏమనుకున్నారో ఊహించి వ్రాయరాదు. అప్పులో ఉన్న పేదల పేర్లు, ఊర్లు బయటపెట్టడం వలన వారికి హాని కలిగే అవకాశం ఉంటే పేర్లు దాచి, ఆ సంగతి పాఠకునికి చెప్పాలి. అధికారంలో ఉన్నవారి విషయంలో ఈ మినహాయింపు వర్తించదు.

భాష

పద్దు, బాకీ, జమ, ఖర్చు, కుదువ, తాకట్టు, ప్రోనోటు, చిట్టీ, వాయిదా, కంతు, బయానా, శిస్తు వంటి మాటలు తెలుగు వ్యవహారంలో స్థిరపడి ఉన్నాయి. వీలైనంతవరకు వీటినే వాడితే పాఠకుడు తడబడడు. షేరు, బాండు, బోనస్, ఆడిట్ వంటివి కూడా ఇప్పుడు తెలుగు మాటలే. కృత్రిమంగా కల్పించిన సంస్కృత సమాసాలకంటె ఇవే సులువు.

ప్రచురణ, రాబడి

తెలుగులో కాల్పనికేతర గ్రంథాలను సాధారణంగా ఐదు వందల నుంచి వెయ్యి ప్రతుల వరకు అచ్చు వేస్తారు. 200 రూపాయల ధర గల పుస్తకం వెయ్యి ప్రతులూ అమ్ముడుపోయి, పది శాతం రాయల్టీ వచ్చినా రచయితకు దక్కేది 20,000 రూపాయలు. ఒక విషయంపై రెండేళ్ళు తిరిగి వ్రాసిన పుస్తకానికి బస్సు ఖర్చులు, నకళ్ళ ఖర్చులు దీనిని మించిపోతాయి. పుస్తక విక్రేతల తగ్గింపు పోగా ప్రచురణకర్తకు మిగిలేదీ స్వల్పమే. ఆర్థిక విషయాల గురించి వ్రాసేవారి ఆర్థిక పరిస్థితి ఇట్లా ఉండడం వలన తెలుగులో ఈ ప్రక్రియ ఎక్కువగా పత్రికా ఉద్యోగులు, అధ్యాపకులు, పదవీ విరమణ చేసినవారి చేతులలో ఉన్నది.

ఇతర భాషలలో రాబడికి పత్రికలలో ధారావాహిక ప్రచురణ, అనువాద హక్కులు, సినిమా హక్కులు తోడ్పడతాయి. 1993 నాటి "ది స్కామ్" ఆధారంగా 27 ఏళ్ళ తరువాత, 2020లో, "స్కామ్ 1992" ధారావాహిక వచ్చింది. అందుచేత ఒప్పందంపై సంతకం చేసే ముందు హక్కుల గురించి తెలుసుకోవడం అవసరం. భారత కాపీరైటు చట్టం (1957) ప్రకారం హక్కుల బదలాయింపు పత్రంలో కాలపరిమితి పేర్కొనకపోతే అది ఐదేళ్ళుగా, ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశంగా పరిగణిస్తారు. రచయిత మరణానంతరం 60 ఏళ్ళ వరకు కాపీరైటు ఉంటుంది.

చట్టపరమైన అంశాలు

పరువునష్టం దావా ఈ ప్రక్రియలో ఎప్పుడూ ఉండే ప్రమాదం. భారతదేశంలో ఇది సివిలు తప్పిదమే కాక నేరం కూడా. భారతీయ శిక్షాస్మృతిలోని 499వ సెక్షను స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలోని 356వ సెక్షను అమలులో ఉంది. క్రిమినలు కేసులో చెప్పినది నిజమని నిరూపించడంతో పాటు, అది ప్రజాహితం కొరకేనని కూడా చూపవలసి ఉంటుంది. తమాల్ బంద్యోపాధ్యాయ వ్రాసిన "సహారా: ది అన్‌టోల్డ్ స్టోరీ" పుస్తకంపై 2013లో 200 కోట్ల రూపాయల పరువునష్టం దావా దాఖలై, ప్రచురణ కొంతకాలం ఆగింది. 2014లో రాజీ కుదిరి, కంపెనీ ఇచ్చిన ప్రకటనతో సహా పుస్తకం వెలువడింది. ఇటువంటి కారణాల చేత రచయితలు ప్రతి వాక్యానికి ఆధారాన్ని భద్రపరచుకోవడం, ఆరోపణ ఎదుర్కొంటున్నవారి వివరణను ముందుగా కోరి దానిని కూడా ప్రచురించడం అలవాటు చేసుకోవాలి.

విమర్శలు

* కథ ఆసక్తిగా ఉండాలనే కోరికతో ఒక వ్యక్తిని నాయకునిగానో ప్రతినాయకునిగానో చూపి, వ్యవస్థలోని లోపాలను మరుగుపరుస్తారని ఒక విమర్శ.
* పెద్ద కుంభకోణాలకు దొరికే పాఠకులు చిన్న అప్పులకు దొరకరు. మోసం జరిగినప్పుడే డబ్బు కథ అవుతుందనే అపోహ దీనివలన ఏర్పడుతుంది.
* కథ చెప్పేవారు ఎక్కడ నిలబడి చూస్తున్నారనేది కథను మారుస్తుంది. 2010 ఆగస్టులో ఎస్‌కెఎస్ వాటాలు స్టాక్ మార్కెట్టుకు వచ్చాయి. అదే ఏడాది అక్టోబరులో, రుణగ్రస్తుల ఆత్మహత్యల వార్తల నేపథ్యంలో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలపై ఆర్డినెన్సు తెచ్చింది. స్థాపకుని పుస్తకం, గ్రామాల నుంచి వచ్చిన పత్రికా కథనాలు ఒకే కాలానికి చెందినవే అయినా రెండు వేర్వేరు లోకాలను చూపాయి. పాఠకుడు రెండూ చదవాలి.
* అప్పు తీసుకున్నవారు తమ కథను తామే వ్రాసిన సందర్భాలు చాలా తక్కువ. అడవి గ్రామాలలో అక్షరాస్యత పెరిగి, కోయ, కొండరెడ్డి యువత కల్లం పుస్తకాన్ని తామే చదివి, తామే వ్రాయగలిగినప్పుడు ఈ లోటు తీరుతుంది.

ఇవి కూడా చూడండి

* కంచర్ల గోపన్న
* భద్రాచలం
* సింగరేణి గనులు
* ఇల్లందు
* కొండరెడ్లు
* కోయ
* తునికి
* హాలీ సిక్కా
* ఏనుగుల వీరాస్వామయ్య
* పాలగుమ్మి సాయినాథ్
* సమాచార హక్కు చట్టం